ఫుట్‌బాల్ మేనేజర్ కొనుగోళ్ళను ఎలా బేరీజు వేయాలి?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువు చేసిన రైతుకు పంట ఎలా వచ్చిందో తెలుసుకోవాలనుకున్నవారు, రొయ్యపిల్ల ఎంతకు తెచ్చాడని ఒక్క మాట అడిగి ఊరుకోరు. చెరువు సొంతమా కౌలా, మేతకు ఎంతయింది, ఎన్నో రోజున పట్టారు, ఏ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) పడింది, ఆ వారం రేటు ఎంత ఉంది అని వరుసగా అడిగిన తరువాతే ఆ రైతు పనితనం గురించి నోరు విప్పుతారు. అదే మనిషి శనివారం రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కూర్చుని ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్ చూస్తున్నప్పుడు మాత్రం, కోట్ల పౌండ్లు పెట్టి తెచ్చిన ఆటగాడు ఒక గోలు చేజార్చగానే ‘ఈ మేనేజర్‌కు మనుషులను కొనడం రాదు’ అని తేల్చేస్తాడు. చెరువు గట్టు మీద చూపే ఓపికను ఆట విషయంలోనూ చూపవచ్చునని, అలా చూపితే ఆట మరింత బాగా అర్థమవుతుందని నా నమ్మకం. అందుకు కావలసినవి ఒక నోటుపుస్తకం, రెండు మూడు సాయంత్రాల సమయం.

మొదట మేనేజర్‌ను, అంటే జట్టును నడిపే ప్రధాన శిక్షకుణ్ణి, ఎంచుకోండి. పదవి వదిలి కొన్నేళ్ళయిన వ్యక్తి అయితే మంచిది. ఆయన కాలంలో వచ్చిన ఆటగాళ్ళను, వెళ్ళిన ఆటగాళ్ళను రెండు పేజీల్లో ఎదురెదురుగా రాయండి. పేరు, వయసు, స్థానం, తేదీ, ఒక క్లబ్ మరో క్లబ్‌కు ఇచ్చిన సొమ్ము రాస్తే చాలు. బాగుందని గాని బాగాలేదని గాని ఇప్పుడే రాయకండి.

కొన్నది ఎవరో తేల్చండి

కౌలుకు వచ్చిన రైతు మొదటి పంటలో కనిపించే మంచీ చెడూ సగం పాత కౌలుదారుడివే అయి ఉంటాయి. లెస్టర్ సిటీ 2015–16లో లీగ్ గెలిచినప్పుడు మేనేజర్ క్లాడియో రానియేరి. కానీ జేమీ వార్డీని ఫ్లీట్‌వుడ్ అనే చిన్న క్లబ్ నుంచి 2012లో, రియాద్ మహ్రెజ్‌ను ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ నుంచి 2014 జనవరిలో తెచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది నైజెల్ పియర్సన్. 2015 వేసవిలో 56 లక్షల పౌండ్లకు వచ్చిన ఎంగోలో కాంటే రానియేరి కాలపు కొనుగోలే అయినా, ఆ ఆటగాణ్ణి పట్టుబట్టి తెప్పించిన పేరు ఆటగాళ్ళ ఎంపిక చూసే స్టీవ్ వాల్ష్‌కు దక్కింది. అంటే ఆ జట్టును ఆడించిన ఘనత రానియేరిదే గాని, జట్టును పోగుచేసిన ఘనతను కనీసం ముగ్గురికి పంచాలి.

దీనికి తలకిందుల ఉదాహరణ ఆర్సెన్ వెంగర్. ఆయన ఆర్సెనల్ బాధ్యతలు చేపట్టినది 1996 అక్టోబరులో. పాట్రిక్ వియెరా అంతకు ముందే, ఆగస్టులో, వచ్చాడు. తేదీలు మాత్రమే చూసేవారు ఆ కొనుగోలును వెంగర్ ఖాతాలో వేయరు. కానీ వియెరాను తెమ్మని చెప్పింది ఇంకా జపాన్‌లో పని చేస్తున్న వెంగరే. కనుక ఆ గీత ఆయన పేజీలోకే రావాలి.

నేటి క్లబ్బుల్లో ఈ పంపకం మరింత కష్టం. ఎందుకంటే స్పోర్టింగ్ డైరెక్టర్ (కొనుగోళ్ళు చూసే అధికారి), స్కౌట్లు (ఆటగాళ్ళను వెతికేవారు), అంకెలు చూసే నిపుణులు కలిసి పేర్లు తెస్తారు, మేనేజర్ ఒప్పుకుంటాడు లేదా వద్దంటాడు. మహమ్మద్ సలాను 2017లో తీసుకోమని స్పోర్టింగ్ డైరెక్టర్ మైకేల్ ఎడ్వర్డ్స్ బృందం తన చెవిలో పోరుపెట్టిందని లివర్‌పూల్ మేనేజర్‌గా యుర్గెన్ క్లాప్ స్వయంగా చెప్పారు. ఇది క్లాప్ విలువను తగ్గించే సంగతి కాదు. తనకు మొదట తోచని పేరును ఇతరులు చెప్పినప్పుడు విని ఒప్పుకోవడం కూడా వివేకమే. దానికి మీ పుస్తకంలో వేరే గడి ఉండాలి: ‘తానే ఎంచాడు’, ‘చెబితే ఒప్పుకున్నాడు’, ‘తనకు ముందే ఉన్నాడు’.

కొన్న రోజున జట్టులో ఏ లోటు ఉందో రాయండి

ఫలితం తెలిసిన తరువాత తెలివి చూపడం ఎవరికైనా సులువే. అందుకే ప్రతి కొనుగోలు పక్కన ఆ రోజున జట్టుకు ఏమి తక్కువగా ఉందో ఒక వాక్యం రాయండి. 1992 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు 1967 తరువాత లీగ్ టైటిల్ లేదు, జట్టు బలంగానే ఉన్నా గోల్స్ తక్కువగా పడుతున్నాయి, సెప్టెంబరులో దాడి ఆటగాడు డియాన్ డబ్లిన్ కాలు విరిగింది. ఆ పరిస్థితిలో మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ లీడ్స్ నుంచి ఎరిక్ కాంటోనాను 12 లక్షల పౌండ్లకు తెచ్చారు. దురుసువాడన్న పేరు ఉన్నా, లోటుకు సరిపడిన మనిషి. 1993లో టైటిల్ వచ్చింది.

అదే ఫెర్గూసన్ 2001లో ఇటలీ క్లబ్ లాజియో నుంచి హువాన్ సెబాస్టియన్ వెరాన్‌ను 2.81 కోట్ల పౌండ్లకు కొన్నారు. అది అప్పటికి బ్రిటన్‌లో రికార్డు. వెరాన్ గొప్ప ఆటగాడన్న దానిలో నాకు అనుమానం లేదు. అయితే రాయ్ కీన్, పాల్ స్కోల్స్ ఉన్న మధ్యవరుసలో పూడ్చవలసిన గుంట ఏదో ఎవరూ సరిగా చూపలేకపోయారు. రెండు సీజన్ల తరువాత ఆయనను చెల్సీకి దాదాపు సగం ధరకు అమ్మారు. నా లెక్కలో ఇది ఆటగాడి తప్పు కాదు. మనిషిలో ఏ లోపమూ లేకపోయినా కొనుగోలు తప్పు కావచ్చునని చూపడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

అసలు ఖర్చు లెక్క కట్టండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

మొదటి సంగతి, ఏ ఏటి పౌండు ఆ ఏటిదే. వియెరాకు ఆర్సెనల్ ఇచ్చినది దాదాపు 35 లక్షల పౌండ్లు. ఈనాటి ధరల పక్కన అది చిల్లరలా కనిపిస్తుంది. అదే 1996 వేసవిలో అలన్ షియరర్‌ను న్యూకాసిల్ 1.5 కోట్ల పౌండ్లకు కొనగా అది ప్రపంచ రికార్డు అయింది. అంటే వియెరా ధర నాటి రికార్డులో నాలుగో వంతుకు కొంచెం తక్కువ. 2017లో నేమార్ కోసం పారిస్ క్లబ్ 22.2 కోట్ల యూరోలు ఇచ్చిన తరువాత అన్ని ధరలూ ఒక్కసారిగా పైకి లేచాయి. కనుక మీ పుస్తకంలో సొమ్ము పక్కన, ఆ ఏటి రికార్డులో అది ఎన్నో వంతో రాసుకోండి. వెంగర్‌నూ క్లాప్‌నూ ఒకే తూకంలో పెట్టాలంటే ఇదే దారి.

రెండవది జీతం. చెరువు ఖర్చులో పెద్ద పద్దు పిల్ల ధర కాదు, మేత అని డెల్టాలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఆటగాడి విషయంలో మేత అంటే జీతమే. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక ఆటగాణ్ణి 6 కోట్ల పౌండ్లకు అయిదేళ్ళ ఒప్పందం మీద కొని, వారానికి 2 లక్షల పౌండ్ల జీతం ఇచ్చారనుకోండి. ఏడాదికి 1.04 కోట్లు, అయిదేళ్ళకు 5.2 కోట్లు జీతానికే పోతాయి. పత్రికలు 6 కోట్ల ఆటగాడని రాసినా, క్లబ్ నిజంగా తలకెత్తుకున్నది 11.2 కోట్ల భారం. క్లబ్బుల పద్దు పుస్తకాల్లో కొనుగోలు సొమ్మును ఒప్పంద కాలం మీద సమానంగా పంచి చూపుతారు కాబట్టి, ఈ ఆటగాడి కొనుగోలు ఏటా 1.2 కోట్లుగా కనిపిస్తుంది. ఈ వెసులుబాటు కోసమే 2023 జనవరిలో చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌కు ఎనిమిదిన్నరేళ్ళ ఒప్పందం ఇచ్చింది. ఆ తరువాత యూరప్ ఫుట్‌బాల్ సంఘం, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ రెండూ ఈ పంపకాన్ని అయిదేళ్ళకు పరిమితం చేశాయి.

1995 డిసెంబరులో బోస్మన్ కేసు తీర్పు వచ్చాక, ఒప్పందం ముగిసిన ఆటగాడు కొనుగోలు సొమ్ము లేకుండా మరో క్లబ్‌కు వెళ్ళగలుగుతున్నాడు. అలాంటి రాకను ‘ఉచితం’ అనడం వాడుక. సోల్ కాంప్‌బెల్ 2001లో టాటెన్‌హామ్ నుంచి ఆర్సెనల్‌కు అలాగే వచ్చి రక్షణకు వెన్నెముక అయ్యాడు. దానికి భిన్నంగా, 2018 జనవరిలో అలెక్సిస్ శాంచెజ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చినప్పుడు హెన్రిక్ మ్ఖితార్యాన్‌ను ఇచ్చిపుచ్చుకున్నారే గాని సొమ్ము చేతులు మారలేదు. లీగ్‌లోనే అతి పెద్ద జీతాల్లో ఒకటి మాత్రం చేతులు మారింది. 45 మ్యాచుల్లో 5 గోల్స్ చేశాడు. సొమ్ము గడిలో సున్నా చూసి ఈ కొనుగోలును దాటవేసినవారి లెక్క మొత్తం తప్పుతుంది.

తీర్పుకు తొందరపడకండి

పాట్రిస్ ఎవ్రా 2006 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున మాంచెస్టర్ సిటీ మీద ఆడిన తొలి మ్యాచ్‌లో సగం ఆట కాగానే ఫెర్గూసన్ ఆయనను బయటికి పిలిచారు. అదే నెలలో వచ్చిన నెమాన్యా విడిచ్ కూడా మొదటి వారాల్లో తడబడ్డాడు. ఆ ఏప్రిల్‌లో లెక్క మూసేసి ఉంటే ఇద్దరూ విఫలమని రాయవలసి వచ్చేది. 2008లో యూరప్ విజేతగా నిలిచిన జట్టు రక్షణ వరుసలో ఆ ఇద్దరూ ఉన్నారు. ఇరవై మూడేళ్ళలోపు ఆటగాడికి మూడు సీజన్లు, ఆపై వయసువారికి రెండు సీజన్లు గడువుగా నేను పెట్టుకున్నాను. మీరు వేరే గడువు పెట్టుకోవచ్చు గాని, ఒకసారి పెట్టుకున్న తరువాత మీకు ఇష్టమైన క్లబ్ కోసం మార్చకండి.

ఈ గడువులో మేనేజర్ ఆ మనిషిని ఎలా చూసుకున్నాడన్నది కూడా గమనించాలి. బ్రయాన్ క్లఫ్ 1979 ఫిబ్రవరిలో పది లక్షల పౌండ్లకు కొన్న ట్రెవర్ ఫ్రాన్సిస్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు అదే ఏడాది యూరోపియన్ కప్ ఫైనల్లో మాల్మో మీద ఏకైక గోలు చేశాడు. అదే క్లఫ్ 1981లో మళ్ళీ పది లక్షలు పెట్టి జస్టిన్ ఫషానును నారిచ్ నుంచి తెచ్చారు. 32 లీగ్ మ్యాచుల్లో 3 గోల్స్ పడ్డాయి. ఈ అంకె చూసి కొనుగోలు తప్పని అనేస్తారు. కానీ ఫషాను గే అని తెలిశాక క్లఫ్ ఆయనను జట్టుతో సాధనకు కూడా రానివ్వలేదన్నది అందరికీ తెలిసిన సంగతి. అంత చిన్నచూపు మధ్య ఏ కుర్రవాడు గోల్స్ చేయగలడు? ఇలాంటి గీత పక్కన నేను ‘కొనుగోలు లోపం’ అని రాయను, ‘పోషణ లోపం’ అని రాస్తాను. క్లఫ్ ఎంత గొప్ప మేనేజర్ అయినా ఈ మాట కొట్టివేయడానికి నాకు మనసొప్పదు.

అమ్మకాల పేజీని కూడా అంతే శ్రద్ధగా చదవండి

చాలామంది ఈ పేజీని తెరవనే తెరవరు. నిజానికి మేనేజర్ చూపు అన్నిటికంటే స్పష్టంగా బయటపడేది ఇందులోనే. పారిస్ నుంచి దాదాపు 5 లక్షల పౌండ్లకు వచ్చిన నికొలా అనెల్కాను 1999లో రియల్ మాడ్రిడ్‌కు 2.2 కోట్లకు పైగా అమ్మిన వెంగర్, అందులో సగం సొమ్ముతో యువెంటస్‌లో ఒక పక్కన ఆడుతున్న తియెరీ హెన్రీని తెచ్చి మధ్యలో నిలిపారు. మిగిలిన సగం కొత్త సాధన మైదానానికి ఉపయోగపడింది. అమ్మకం, కొనుగోలు, స్థానమార్పు మూడూ ఒకే ఆలోచనలో ఇమిడిన సందర్భం ఇంత చక్కగా మరొకటి లేదని నా అభిప్రాయం. లివర్‌పూల్ 2018 జనవరిలో ఫిలిప్ కుటీన్యోను బార్సిలోనాకు అమ్మి, అదే నెలలో 7.5 కోట్ల పౌండ్లతో వర్జిల్ వాన్ డైక్‌ను, వేసవిలో గోల్‌కీపర్ అలిసన్‌ను తెచ్చుకున్న తీరు కూడా ఈ కోవలోదే. ఏడాదిన్నర తిరగకముందే యూరప్ క్లబ్బుల కప్పు వచ్చింది.

దీనికి ఎదురుగా యునైటెడ్ రక్షణ ఆటగాడు యాప్ స్టామ్ పేరు రాయండి. 2001 ఆగస్టులో ఆయనను లాజియోకు అమ్మి, ముప్పై అయిదేళ్ళ లోరాన్ బ్లాన్‌ను ఫెర్గూసన్ తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో యునైటెడ్ మూడో స్థానంలో నిలిచింది. ఆ అమ్మకం తన పొరపాటేనని ఫెర్గూసన్ తరువాత ఒప్పుకున్నారు.

మనకు దగ్గరి జట్టు మీద సాధన చేయండి

మన డెల్టాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) స్థాయి క్లబ్ లేదు. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ, 2025లో ఢిల్లీకి తరలిపోయేవరకు ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ. 2020లో మనోలో మార్కెజ్ మేనేజర్‌గా వచ్చి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు తెచ్చారు. ఐఎస్ఎల్‌లో చాలా బదిలీల సొమ్ము బయటికి చెప్పరు. అందుచేత ఇక్కడ వయసు, ఆడిన నిమిషాలు, లోటు అనే మూడు గడులతోనే పని నడపాలి. ముప్పై ఆరేళ్ళ బార్తొలొమ్యూ ఒగ్బెచేను ముంబయి నుంచి తీసుకోవడం వయసు గడిలో ప్రమాదంగా కనిపిస్తుంది. కానీ ఆయన ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఒక సీజన్ కోసం అనుభవజ్ఞుణ్ణి తేవడం, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రవాళ్ళకు వరుసగా ఆట ఇవ్వడం రెండూ ఒకే మేనేజర్ చేసిన పనులు. వాటిని ఒకే గీటురాయి మీద పెట్టకుండా, మొదటిదాన్ని ఆ ఏటి ఫలితంతోనూ రెండవదాన్ని ఆ కుర్రవాళ్ళు తరువాత చేరిన స్థాయితోనూ కొలవండి.

చివరికి ప్రతి గీత పక్కన మూడు మాటల్లో ఒకటి పడాలి: సరైన నిర్ణయం, తప్పు నిర్ణయం, సరైన నిర్ణయానికి చెడ్డ ఫలితం. గాయం వల్ల ఆట ఆగిపోయినవారు మూడవ కోవలోకి వస్తారు. తెల్లదోమ కాటుతో తోట దెబ్బతిన్న కోనసీమ కొబ్బరి రైతును మొక్క ఎంపిక తెలియనివాడని ఎవరూ అనరు కదా. పూర్తయిన పేజీలో ఏ స్థానంలో తప్పులు మళ్ళీ మళ్ళీ పడ్డాయో, పాత క్లబ్ ఆటగాళ్ళ వైపే చేయి ఎన్నిసార్లు వెళ్ళిందో చూడండి. ఎరిక్ టెన్ హాగ్ యునైటెడ్‌కు తెచ్చినవారిలో ఆంటొని, లిసాండ్రో మార్టినెజ్, ఒనానా, డి లిఖ్ట్, మజ్రావీ అందరూ ఒకప్పుడు ఆయాక్స్‌లో ఆడినవారే. అలాంటి అలవాటు ఒక్క కొనుగోలులో కనిపించదు, పేజీ నిండాకే తెలుస్తుంది. ఈ వేసవిలో మీ క్లబ్ కొన్నవారి పేర్లు మాత్రం పుస్తకంలో వేరే కాగితం మీద రాసి, తీర్పు గడి ఖాళీగా ఉంచి, దానిలో రెండేళ్ళ తరువాతి తేదీ వేసి పెట్టుకోండి.