స్నోమొబైల్‌కు పొడవైన ట్రాక్ వేసేవారు మంచు పడకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

మిషిగన్ రాష్ట్రపు ఎగువ ద్వీపకల్పంలో, సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చే గాలి కివీనా ప్రాంతంలో ఏటా సగటున 200 అంగుళాలకు పైగా మంచు కుమ్మరిస్తుంది. 1978–79 శీతకాలంలో అక్కడ 390.4 అంగుళాలు నమోదైంది. అంతటి పొడిమంచులో, మంచు మీద నడిచే మోటారు బండి అయిన స్నోమొబైల్ పాతదై, దాని కింద తిరిగే రబ్బరు పట్టా, అంటే ట్రాక్, 121 అంగుళాలదే అయితే అది ముందుకు పోవడానికి బదులు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. అందుకే అక్టోబరు వచ్చేసరికి పాత బండ్లున్నవారు, అక్కడి హోటన్ పట్టణంలో చదువుకోవడానికి వచ్చి సెకండ్‌హ్యాండ్ బండి కొనుక్కున్న మన పిల్లలతో సహా, 136 అంగుళాల ట్రాక్ వేయడం గురించి ఆలోచించడం మొదలుపెడతారు. అయితే ఇది టైరు మార్చడం వంటి పని కాదు. ట్రాక్‌తో పాటు వెనుక ఇరుసు, సస్పెన్షన్ రెయిల్స్ (ట్రాక్ లోపల పొడవునా ఉండే లోహపు పట్టీలు), ట్రాక్ జారేందుకు వాటి కింద ఉండే ప్లాస్టిక్ స్లయిడ్లు, ట్రాక్‌ను పైనుంచి కప్పే టన్నెల్ రేకు, గేరింగు అన్నీ మారవలసి వస్తుంది. వీటిలో ఏ ఒక్కదాన్ని వదిలేసినా ఆ లోపం షెడ్డులో కనిపించదు. ఊరికి పది మైళ్ళ అవతల, సెల్‌ఫోన్ సిగ్నల్ అందని అడవిలో బయటపడుతుంది.

మొదట చూడవలసింది కొలత. ట్రాక్ మొత్తం పొడవు ఒక్కటే చూసి కొనకూడదు, పిచ్ కూడా చూడాలి. ట్రాక్‌ను నడిపే పళ్ళచక్రం, అంటే స్ప్రాకెట్, పళ్ళు పట్టుకునే వరుసల మధ్య దూరాన్ని పిచ్ అంటారు. పిచ్ 2.52 అంగుళాలైతే 121 అంగుళాల ట్రాక్‌లో 48 వరుసలు, 136 అంగుళాల దానిలో 54 వరుసలు ఉంటాయి. చవకగా దొరికిందని 2.86 అంగుళాల పిచ్ ఉన్న ట్రాక్ తెచ్చుకుంటే పాత స్ప్రాకెట్లు దానితో కలవవు, వాటినీ మార్చవలసిందే. ఇక ట్రాక్ 15 అంగుళాలు పెరిగిందని ఇరుసును 15 అంగుళాలు వెనక్కి జరపకూడదు. పెరిగిన పొడవు పై వరుసకూ కింది వరుసకూ చెరిసగం పోతుంది కాబట్టి ఇరుసు జరిగేది సుమారు ఏడున్నర అంగుళాలే. ఆ స్థానంలో ఇరుసు ఉన్నప్పుడు బిగువు సర్దే బోల్టు తన మరల మధ్యలో ఉండేటట్లు చూసుకుంటే, తర్వాత వదులు చేయడానికీ బిగించడానికీ రెండు వైపులా చోటు మిగులుతుంది.

మంచును పట్టడానికి ట్రాక్ పైన ఉండే రబ్బరు పళ్ళ ఎత్తును చాలామంది మరచిపోతారు. పొడవైన ట్రాక్‌కు సాధారణంగా పళ్ళు కూడా ఎత్తుగానే ఉంటాయి. అవి ముందుభాగంలో టన్నెల్ రేకునూ, దాని కింద ఇంజనును చల్లబరిచే కూలర్‌నూ తాకకుండా తిరగాలి. వేగం పెరిగినప్పుడు ట్రాక్ బయటికి కొంత ఉబ్బుతుంది కనుక, నిలిచి ఉన్నప్పుడు వేలు దూరేంత సందు ఉందని తృప్తిపడకూడదు. 2.52 పిచ్ ఉన్న బండిలో 9 పళ్ళ స్ప్రాకెట్ తీసి 8 పళ్ళది వేస్తే సుమారు 0.4 అంగుళం చోటు కలిసివస్తుంది. దానితో గేరింగు కూడా తగ్గుతుంది గానీ, బరువైన ట్రాక్‌ను లాగే ఇంజనుకు అది కొంత మేలే.

అసలు ప్రమాదం రెయిల్స్ దగ్గర ఉంది. అల్యూమినియం రెయిల్స్‌ను అతుకు వేసి పొడిగించేటప్పుడు వెల్డింగు జోలికి పోకూడదు, ఎందుకంటే వేడి తగిలిన చోట ఆ లోహం మెత్తబడుతుంది. కొత్త ముక్క పాతదాని మీదికి తగినంత కలిసి వచ్చేటట్లు పెట్టి బోల్టులతో బిగించాలి. బోల్టు తలలు ట్రాక్ లోపలివైపున్న లోహపు క్లిప్పులకూ చక్రాలకూ అడ్డం రాకూడదు. వీలైతే పొడవుకు తగిన రెయిల్స్ జతనే కొనడం మేలని నా అభిప్రాయం. రంధ్రాలు వేసేటప్పుడు రెండు రెయిల్స్‌ను ఒకదానిపై ఒకటి పెట్టి బిగించి, ఒకే డ్రిల్లుతో రెండింటినీ కలిపి తొలచాలి. నేను మొదటిసారి విడివిడిగా తొలిచాను, కుడివైపు రంధ్రం 3 మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. బిగువు బోల్టులతో సర్దితే చక్కగానే తిరిగినట్లు కనిపించింది గానీ, నలభై మైళ్ళు తిరిగేసరికి ఎడమ స్లయిడు పక్కంతా అరిగి, నల్లటి ప్లాస్టిక్ కొబ్బరికోరులా ఇరుసు చుట్టూ పేరుకుపోయింది. స్లయిడు కూడా అతుకు లేకుండా మొదటి నుంచి చివరి వరకు ఒకటే ముక్కగా ఉండాలి.

సస్పెన్షన్ విప్పే ముందు టార్షన్ స్ప్రింగుల (బండి బరువును మోసే మెలిక స్ప్రింగుల) సర్దుబాటును అతి తక్కువకు తెచ్చి, వాటి పొడవాటి కాళ్ళను సరైన పనిముట్టుతో నెమ్మదిగా విడిపించాలి. ముఖాన్ని వాటి ఎదురుగా పెట్టకూడదు. కొత్త ట్రాక్‌ను ముందురోజు రాత్రే వెచ్చని గదిలో ఉంచితే మర్నాడు అది లొంగుతుంది.

టన్నెల్ రేకును కూడా పొడిగించాలి. లేకపోతే బయటికి పొడుచుకొచ్చిన ట్రాక్ వెనుక కూర్చున్నవారి కాళ్ళకు ప్రమాదం. వెనుక వేలాడే రబ్బరు పలక ట్రాక్ విసిరే మంచును ఆపి కూలర్ మీదికి మళ్ళిస్తుంది కనుక దాన్ని తీసివేయకూడదు. అలాగని మరీ పొడవుగా వదిలితే రివర్సులో ట్రాక్ కిందికి చుట్టుకుపోతుంది.

బిగించిన తర్వాత ట్రాక్ తిప్పి చూసేటప్పుడు బండి వెనుకభాగం గట్టి స్టాండు మీద ఉండాలి, స్కీలు ముందు గోడకు ఆనాలి, వెనుక మనిషి గానీ పిల్లలు గానీ పెంపుడు జంతువులు గానీ ఉండకూడదు. ఊడిన స్టడ్డు (పట్టు కోసం ట్రాక్‌కు బిగించే లోహపు మేకు), ట్రాక్‌లో ఇరుక్కున్న రాయి తూటాలా వస్తాయి. ఇంజను నెమ్మదిగా తిప్పుతూ, షెడ్డు తలుపు పూర్తిగా తెరిచి ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ట్రాక్ క్లిప్పులకూ స్లయిడ్లకూ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందో లేదో ఇంజను ఆపి, ట్రాక్ పూర్తిగా ఆగాక మాత్రమే చూడాలి. బిగువు ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్‌లో చెప్పిన బరువు వేలాడదీసి కొలవాలి, ఎందుకంటే ఎక్కువైతే స్లయిడ్లు, బేరింగులు వేడెక్కుతాయి, తక్కువైతే స్ప్రాకెట్ పళ్ళు జారుతాయి.

మొదటి ప్రయాణం పగటిపూట, తోడుతో, ఇంటికి దగ్గరలోనే చేయాలి. పొడవైన ట్రాక్ ఉన్న బండి మలుపులో వెంటనే తిరగదు, కాస్త నేరుగా తోసుకుపోతుంది. చెట్ల మధ్య వేగం పెంచే ముందు ఆ తేడా చేతికి అలవాటు కావాలి. ప్రతి నట్టు మీది నుంచి రెయిల్ మీదికి గోళ్ళరంగుతో ఒక గీత గీసి బయలుదేరితే, గంటన్నర తర్వాత ఆగి టార్చి వేసి చూసినప్పుడు ఏ గీత విరిగి పక్కకు జరిగిందో అక్కడే రెంచి పెట్టవచ్చు.