వేరుశనగలో అఫ్లాటాక్సిన్: చేను నుంచి దాణా తొట్టి దాకా జాగ్రత్తలు

వేరుశనగలో అఫ్లాటాక్సిన్ విషం గోదాములో పుడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అది చేనులోనే మొదలవుతుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు నేలలో ఎప్పుడూ ఉండేదే. అనంతపురం వంటి వర్షాధార ప్రాంతాల్లో, గింజ గట్టిపడే చివరి మూడు నాలుగు వారాల్లో పైరు బెట్టకు గురై నేల వేడెక్కితే, అది కాయలోకి చొరబడి విషాన్ని తయారుచేస్తుంది. బోరు వసతి ఉన్నవారు ఆ దశలో ఒక్క తడి ఇవ్వగలిగినా ఎంతో మేలు. ఆఖరి దుక్కిలో పశువుల ఎరువుతో కలిపి ట్రైకోడెర్మా (చెడు బూజులను అణచే మేలైన బూజు), ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం కూడా ఉపయోగకరం. జిప్సంలోని కాల్షియం కాయ పొట్టును గట్టిపరుస్తుంది.

కాయ లోపలి పొట్టు గోధుమ రంగుకు తిరిగి నల్లబడుతున్నప్పుడు పంట పీకాలి. ముందే ఎండి చచ్చిన మొక్కల కాయలను, గుంటక దెబ్బ తగిలిన కాయలను, వాన పడిన తరువాత పరిగె ఏరిన కాయలను మంచి రాశిలో కలపకూడదు. కలిపితే నాలుగు బస్తాలు పెరుగుతాయేమో గానీ రాశి అంతా అనుమానంలో పడుతుంది.

పీకిన మొక్కలను కాయలు పైకి ఉండేలా తిరగేసి వరుసలుగా ఆరబెట్టాలి. కాయలు కోసిన తరువాత టార్పాలిన్ మీద పలచగా పరచి, రాత్రి మంచు తగలకుండా కప్పి, తేమ 8 శాతానికి దిగేవరకు ఎండబెట్టాలి. తేమ కొలిచే పరికరం లేకపోతే, కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, గింజను వేళ్ల మధ్య నలిపితే పైపొర రాలిపోవాలి.

ఇంత శ్రమపడి ఎండబెట్టిన కాయల మీద, మిషనులో వలిచేటప్పుడు పప్పు బద్దలు కాకూడదని నీళ్లు చల్లే అలవాటు ఉంది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో సులభంగా మానుకోదగిన తప్పు ఇదే. తడిసిన పప్పును అలాగే గోనెల్లో కుట్టేస్తే, లోపలి వేడికీ తేమకూ బూజు మళ్లీ లేస్తుంది. తడపకుండానే వలిపించి, పప్పు కొంత విరిగితే విరగనివ్వడం మేలు.

బూజు కంటికి కనిపించలేదని గింజ సురక్షితమనుకోరాదు. మన దేశంలో మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి ఇంకా శుద్ధి చేయాల్సిన వేరుశనగకు కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేదానికి 10. ఐరోపా సమాఖ్యలో నేరుగా తినే పప్పుకు 4 మాత్రమే. విషం కొద్ది గింజల్లోనే దట్టంగా ఉంటుంది కాబట్టి, పరీక్షకు ఒక బస్తా నుంచి గుప్పెడు తీసి పంపితే ఫలితాన్ని నమ్మలేము. అనేక బస్తాల నుంచి, పైనా కిందా తీసిన పప్పును కలిపి, పిండి చేసి నమూనా తీయాలి. ఇంట్లో వాడే పప్పులో ముడతలు పడ్డవి, రంగు మారినవి, పుచ్చినవి ఏరి పారేయాలి, చేదు తగిలితే ఉమ్మేయాలి. వేయించినా ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు.

అసలు చిక్కు ఆ ఏరివేతలతోనే. అవి గానుగకు పోతాయి, నూనె తీశాక మిగిలే పిప్పి, అంటే చెక్కలోనే విషం ఎక్కువ భాగం ఉండిపోతుంది, ఆ చెక్క గేదె తొట్టిలోకి వస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు కారణం వెతుకుతూ పోతే తేలింది బ్రెజిల్ వేరుశనగ చెక్కే. ఈ విషం ప్రపంచానికి తెలిసింది అలాగే. పాడి పశువు చనిపోకపోవచ్చు గానీ, తిన్న విషంలో కొంత భాగం అఫ్లాటాక్సిన్ ఎం1 అనే మారు రూపంలో పాలలోకి దిగుతుంది. మరిగించినా అది పోదు. మన దేశంలో పాలలో దాని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము.

కాబట్టి ఏరివేతలను గానుగకు గానీ పశువులకు గానీ పంపక, పొయ్యిలో కాల్చేయడం మంచిది. చెక్క కొనేటప్పుడు ముక్క విరిచి చూసి, ఆకుపచ్చని పొడి గానీ ముక్కిన వాసన గానీ ఉంటే తిరిగి ఇచ్చేయాలి. బస్తాలను గోడకు ఆనించకుండా కొయ్య బల్లల మీద పెట్టి, వానాకాలంలో కొద్దికొద్దిగానే తెచ్చుకోవాలి. చెక్క మీద అనుమానం వస్తే వెంటనే మానేసి వేరే దాణాకు మారాలి. మేత మారిన కొద్ది రోజుల్లోనే పాలలో ఎం1 తగ్గిపోతుంది.