ఆర్వీ ఫ్రిజ్: ట్రిప్‌కీ ట్రిప్‌కీ మధ్య ఆపాలా, నడవనివ్వాలా?

ఆర్వీ అంటే లోపలే పడకలు, వంటగది ఉండే ప్రయాణాల బండి. దాని ఫ్రిజ్ విషయంలో మా లెక్క ఇది: రెండు వారాల్లోపు మళ్లీ బయల్దేరేది ఉండి, బండి ఇంటి ముందు కరెంటుకు తగిలించి ఉంటే నడవనిస్తాం. లేదంటే ఆపేస్తాం.

ఇక్కడ అమెరికాలో చాలా ఆర్వీల్లో ఉండేది ఇంట్లో ఫ్రిజ్ లాంటిది కాదు. కంప్రెసర్ ఉండదు, అమ్మోనియా ద్రావణాన్ని వేడిచేసి చల్లదనం పుట్టిస్తుంది. గ్యాస్ మీదా, కరెంటు మీదా నడుస్తుంది. చల్లబడటానికి ఇంచుమించు రాత్రంతా పడుతుంది, అందుకే ఆపడానికి మనసొప్పదు. కానీ బండి సమంగా నిలబడాలి. వాలుగా ఉన్న డ్రైవ్‌వేలో రోజుల తరబడి నడిపితే వెనక గొట్టాలు అతిగా వేడెక్కి పాడవుతాయి, ఆ ఖర్చు మామూలుగా ఉండదు. గ్యాస్ మీద పెట్టి, ఎవరూ లేకుండా వదిలేయడం అసలు వద్దు. పైగా గ్యాస్ మీద నడిచినా కంట్రోల్ బోర్డుకు 12 వోల్టుల బ్యాటరీ కావాలి. ఛార్జింగ్ లేకపోతే అది కొన్నాళ్లకు ఖాళీ.

కొత్త బండ్లలో వచ్చే 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ బ్యాటరీని ఇంకా తొందరగా తాగేస్తుంది. కాకపోతే అది కొన్ని గంటల్లోనే చల్లబడుతుంది, ఆపేయడానికి ఆలోచించక్కర్లేదు.

ఆపాక మాత్రం తలుపు మూయకండి. ఖాళీ చేసి, తడి లేకుండా తుడిచి, సందులో మడతపెట్టిన తువ్వాలు ఇరికించి ఓరగా ఉంచండి. మేము ఒకసారి మూసేసి వెళ్లాం. నెల తర్వాత తెరిస్తే గోడల నిండా బూజు, దానికి తోడు పాత సాంబారు వాసన. వంటసోడా గిన్నెలు రెండు పెట్టినా వారం దాకా వదల్లేదు.