బ్లాక్ పౌడర్ తుపాకి కాల్చాక తుప్పు పట్టకుండా ఎలా శుభ్రం చేయాలి?

మామూలు రైఫిల్‌ను కాల్చి వచ్చాక రెండు రోజులు ఆగి తీరిగ్గా తుడిచినా పెద్ద నష్టం ఉండదు. బ్లాక్ పౌడర్‌తో ఆ ధీమా పనికిరాదు. సుమారు 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం కలిపిన ఈ మందు కాలాక, దాని బరువులో సగానికి పైగా పొగలోని రేణువులుగా, మసిగా మిగులుతుంది. ఆ మసిలోని పొటాషియం లవణాలు వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టు గాలిలోని తేమను లాక్కుంటాయి. ఆ చెమ్మే ఇనుమును తినేస్తుంది. లవణాలు నూనెలో కరగవు, నీళ్లలో కరుగుతాయి. కాబట్టి శుభ్రం చేసే ఖరీదైన ద్రవాల సీసాల కన్నా ముందు బకెట్ తెచ్చుకోండి.

అమెరికాలో వేటకూ గురి పోటీలకూ బాగా వాడే .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం) హాకెన్ తరహా క్యాప్‌లాక్ రైఫిల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మూతి నుంచి మందు, గుండు కూరే రకం ఇది. గొట్టం వెనక నిపుల్ అనే రంధ్రమున్న చిన్న మొన ఉంటుంది; దాని మీద పెట్టిన క్యాప్ అనే చిన్న టోపీని సుత్తి కొడితే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. (ఇండియాలో ఇలాంటి తుపాకికీ లైసెన్సు కావాలి. కర్ణాటకలోని కొడగు వాళ్లకున్నటువంటి మినహాయింపులు వేరే సంగతి.)

ముందు మందు డబ్బా మీద పేరు చూడండి

పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి ప్రత్యామ్నాయాలను కూడా నీళ్లతోనే కడగాలి. వాటిలోని పెర్‌క్లోరేట్ కాలాక క్లోరైడ్ మిగులుతుంది. అంటే తుప్పు భయం అసలు బ్లాక్ పౌడర్‌కు ఏమీ తీసిపోదు. బ్లాక్‌హార్న్ 209 మాత్రం వేరే జాతి. దాని మసి నీళ్లకు లొంగదు, తయారీదారు చెప్పిన సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) వాడాల్సిందే.

కడగడం

తుపాకి ఖాళీగా ఉందని ముందు ఖాయం చేసుకోండి. నిపుల్ మీద క్యాప్ ఉండకూడదు. ర్యామ్‌రాడ్‌ను (గుండును లోపలికి తోసే పొడవాటి కడ్డీ) గొట్టంలోకి దించి, మూతి దగ్గర వేలితో గుర్తుగా పట్టుకుని బయటికి తీసి, గొట్టం పక్కన ఆనించి చూడండి. గొట్టం అడుగు దాకా వెళ్లలేదని తేలితే లోపల ఏదో ఉన్నట్టే.

తర్వాత చెక్కలోంచి అడ్డంగా దూరిన వెడ్జ్‌ను (చీలను) తీస్తే గొట్టం పైకి లేచి వస్తుంది. నిపుల్ విప్పి పక్కన పెట్టండి. బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు వేసి, గొట్టం వెనక భాగాన్ని ముంచండి. రాడ్ చివర తడి ప్యాచ్ (చిన్న గుడ్డ ముక్క) చుట్టి పైకీ కిందికీ లాగుతుంటే నిపుల్ రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పీల్చుకుని మళ్లీ బయటికి చిమ్ముతాయి. మొదట నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తాయి. తేటగా వచ్చేదాకా నీళ్లు మార్చండి. సలసల కాగే నీళ్లు పోస్తే త్వరగా ఆరుతుందని కొందరంటారు. ఆరుతుంది కానీ, కళ్లముందే ఎర్రటి పలుచటి తుప్పు పొర వచ్చేస్తుంది. గోరువెచ్చనే మేలు.

చాలామంది వదిలేసే చోటు ఒకటుంది. కొన్ని హాకెన్ రకాల్లో గొట్టం అడుగున మందు పడే గది, గొట్టం కన్నా సన్నగా ఉంటుంది. .50 ప్యాచ్ దాని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. .30 క్యాలిబర్ బ్రష్‌కు చిన్న ప్యాచ్ చుట్టి ఆ గదిని విడిగా తిప్పి తుడవండి. ప్యాచ్‌లన్నీ తెల్లగా వస్తున్నా తుపాకి పేలకుండా మొరాయిస్తుంటే, మొదట అనుమానించాల్సింది ఈ గదినే.

గొట్టం పిన్నులతో బిగించిన ఫ్లింట్‌లాక్ (క్యాప్‌కు బదులు చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకి) అయితే విప్పొద్దు. పక్క రంధ్రాన్ని పుల్లతో మూసి, మూతి నుంచి కొంచెం నీళ్లు పోసి ఊపి పారబోయండి. చెక్క తడవకుండా గుడ్డ చుట్టండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ఇంటి మిశ్రమాలకు మంచి ప్రచారం ఉంది. ఇనుమును ఆక్సీకరించే ద్రవాన్ని గొట్టంలో పోయడం నాకు నచ్చదు. సబ్బు నీళ్లతో పోయే మసికి అదెందుకు?

ఆరబెట్టడం, నూనె

పొడి ప్యాచ్‌లు ఏ మాత్రం తడి లేకుండా వచ్చేదాకా తిప్పండి. రబ్బింగ్ ఆల్కహాల్ తడిపిన ప్యాచ్ ఒకటి పోనిస్తే మిగిలిన నీళ్లూ పోతాయి. వెంటనే తుప్పును ఆపే తుపాకి నూనె పలుచగా పట్టించండి. వంటనూనెలు వద్దు, కొన్నాళ్లకు జిగురు కడతాయి. నిపుల్ మరలకు గ్రీజు రాసి బిగించండి. లాక్‌ను (సుత్తిని కదిలించే యంత్రాంగాన్ని) విప్పి, కడిగి, ఆరబెట్టి, అరిగే చోట్ల ఒక్కో చుక్క నూనె వేస్తే చాలు. ఫ్లింట్‌లాక్‌లో చెకుముకి రాయి, అది తగిలే ఉక్కు ముఖం పొడిగానే ఉండాలి.

తోలు కవర్లో పెట్టి వదిలేయకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె నిపుల్ వైపు దిగదు.

మర్నాడు తెల్లటి ప్యాచ్ ఒకటి గొట్టంలో పోనిచ్చి చూడండి. గోధుమ రంగు కనిపిస్తే ఎక్కడో లవణం మిగిలింది. దాని మీద ఇంకో పొర నూనె రాయడం కాదు, మళ్లీ నీళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. వారం తర్వాత ఇంకోసారి చూడండి.

మళ్లీ కాల్చడానికి వెళ్లినప్పుడు, మందు పోసే ముందు నూనెను పొడి ప్యాచ్‌తో తుడిచేయండి. ఖాళీ తుపాకి మూతిని రేంజ్‌లో గురి వైపే, నేల మీది గడ్డిపోచకు దగ్గరగా దించి, ఉత్త క్యాప్ ఒకటి పేల్చండి. గడ్డి కదిలితే దారి తెరిచి ఉన్నట్టు. కదలకపోతే నిపుల్ విప్పి పైప్ క్లీనర్‌తో రంధ్రం తుడిచాకే మందు పోయండి.