మట్టినల్లుల టైప్ స్లైడ్లు, 6వ పాఠం: ఏ నల్లి ఎక్కడుంది?

ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారమైన నమూనా ఉన్న స్లైడే టైప్ స్లైడ్. పోయినసారి ఇచ్చిన పని చూడ్డానికి చిన్నదే. ఒక స్లైడ్ మీద రెండు నల్లులుంటే (మంచంలో నల్లులు కావు, మట్టిలో బతికే మైట్లు) ఏది ఎక్కడుందో పటం గీసి పంపమన్నాను. వచ్చినవాటిలో సగానికి సగం తలకిందులు. రోమాల లెక్కకని అట్టేపెట్టుకున్న చోటంతా దీనికే పోయేలా ఉంది.

కాంపౌండ్ మైక్రోస్కోపు బొమ్మను కిందుమీదు చేసి, కుడిఎడమలు మార్చి చూపిస్తుంది. పైన ఎడమ మూలన కనిపించిన నల్లి నిజానికి కింద కుడి మూలన ఉంటుంది. స్టీరియో మైక్రోస్కోపులో చూసి గీసినవాళ్లవి సరిగ్గానే వచ్చాయి, దాంట్లో బొమ్మ తిరగబడదు. కెమెరా పెట్టి మానిటర్లో చూసేవాళ్లకి ఎలా తిరుగుతుందో చెప్పలేం. పేపర్లోంచి సన్నక్షరాల 'క' ఒకటి కత్తిరించి స్లైడ్ మీద పెట్టి తక్కువ పవర్లో చూడండి, తేలిపోతుంది.

దీనికింత రాద్ధాంతమా అని చెన్నై వేలచ్చేరి నుంచి ఒకమ్మాయి అడిగింది. అవునమ్మా, ఇంతే. పాత జాతుల్లో చాలావాటికి హోలోటైప్, అంటే పేరుకి ఆధారమైన ఒకే ఒక్క నమూనా, ఫలానాదని ఎవరూ తేల్చి చెప్పలేదు. లేబుల్ మీద 'టైప్' అని మాత్రం ఉంటుంది, కవర్ స్లిప్ (పైన కప్పే పల్చటి గాజు) కింద నల్లులు రెండో మూడో ఉంటాయి. వాటిలో కాళ్లు చక్కగా చాపుకున్నదాన్ని చూసి, బొమ్మ గీసి, "హోలోటైప్ పరిశీలించాను" అని రాసేస్తారు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఏ ఆధారంతో హోలోటైప్? జంతునామకరణ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు పేరు పెట్టిన జాతికి ఒకటి కంటే ఎక్కువ నమూనాలు ఆధారమై ఉండే వీలుంటే, సిన్‌టైపులు, అంటే అన్నీ కలిసి ఆ పేరుకి ఆధారమైన నమూనాలు, ఉండి ఉండొచ్చనే అనుకుని నడుచుకోండని అది సలహా ఇస్తోంది. అవసరమైతే వాటిలో ఒకదాన్ని లెక్టోటైప్‌గా ఎంచి, ఆ మాట అచ్చులో చెప్పాలి. మిగిలినవి పారాలెక్టోటైపులవుతాయి. అంతకుముందే ఎవరైనా చెల్లేలా ఎంచి ఉంటే అదే నిలుస్తుంది, కాబట్టి పాత వ్యాసాలు వెతక్కుండా ఎంపికకి దిగొద్దు.

ఆ రెండు నల్లులూ వేర్వేరు జాతులని రేపెప్పుడో బయటపడిందనుకోండి. పేరు లెక్టోటైప్ వెంటే పోతుంది. మీ పటం తలకిందులైతే తర్వాత చూసేవాడు పక్క నల్లిని పట్టుకుంటాడు, పేరూ దానికే అంటగడతాడు.

కొందరు పటం మానేసి స్లైడ్ పెట్టే స్టేజి మీది వెర్నియర్ కొలబద్ద అంకెలు రాసి పంపారు. ఆ అంకెలు ఆ మైక్రోస్కోపుకే చెల్లుతాయి. చెన్నై శాంథోమ్‌లో రాసుకున్న అంకెలతో కోల్‌కతాలో వెతికితే నల్లి దొరకదు. నాది మొరటు పద్ధతి: స్లైడ్‌ను తెల్లకాగితం మీద పెట్టి అంచులు గీసి, కవర్ స్లిప్ గీసి, లేబుల్ ఏ వైపుందో రాసి, భూతద్దంతో చూస్తూ చుక్క పెడతాను. మ్యూజియంవాళ్లు ఒప్పుకుంటే స్లైడ్ అడుగున నల్లి చుట్టూ సిరాతో సన్నటి సున్నా. పాత లేబుళ్లు మాత్రం ఊడబీకొద్దు, వాటి మీద రాయొద్దు.

టైప్ స్లైడ్ మీద ఆయిల్ ఇమ్మర్షన్, అంటే లెన్సుకీ స్లైడుకీ మధ్య నూనె చుక్క వేసి చూడ్డం, కూడా వద్దంటాను. గమ్ అరబిక్, క్లోరల్ హైడ్రేట్, గ్లిజరిన్, నీళ్లు కలిపిన హాయర్ మాధ్యమం (నల్లిని స్లైడ్ మీద నిలిపి ఉంచేది), అంచులకి సీలు లేకపోతే గాలిలో తేమ పీల్చి మెత్తబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నూనె తుడుస్తూ టిష్యూతో రవ్వంత నెట్టారా, కవర్ స్లిప్ జారుతుంది, కింద నల్లి ఒత్తిగిలుతుంది. అప్పటిదాకా వీపు చూస్తున్నారు, ఇక డొక్క చూసుకోవాలి. 40ఎక్స్ పొడి లెన్సు, ఫేజ్ కాంట్రాస్ట్ (రంగులేని భాగాలు తేటగా కనపడే అమరిక), చాలు.

రోమాల గురించి ఈసారికి రెండే మాటలు. రోమం విరిగిపోయినా అది మొలిచిన గుంత మిగులుతుంది. లెక్కపెట్టాల్సింది గుంతల్ని. మూల వర్ణనలో రోమం లేదన్న చోట గుంత కనిపిస్తే గీసినాయన చూసిన నమూనాలో అది ఊడిపోయి ఉండొచ్చు. రెండోది, కవర్ స్లిప్ కింద నలిగిన ఒళ్లు వెడల్పవుతుంది. ఆ కొలత తేడా ఒక్కటే చూసి కొత్త జాతి అనకండి.

అభ్యాసం: పోయినసారి చేసిన స్లైడుకే పటం మళ్లీ గీయండి. ఒక నల్లిని ఎంచి చుక్క పెట్టి, పటంతో సహా స్లైడ్‌ను వేరే మైక్రోస్కోపు ఉన్నవాళ్లకి ఇవ్వండి. నోటితో ఏమీ చెప్పొద్దు. ఆ నల్లి వీపు మీద గుంతలెన్నో కుడివైపు వేరుగా, ఎడమవైపు వేరుగా వాళ్లు లెక్కపెట్టాలి, మీరూ లెక్కపెట్టాలి. రెండు కాగితాలూ ఒకేసారి విప్పండి. అంకెలు కలవకపోతే, స్లైడ్ మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కలిసి మొదట్నుంచి చేసి, ఎక్కడ తేడా వచ్చిందో రాసి పంపండి.