కుక్కకు, పిల్లికి పట్టిన మిన్నల్లులను వదిలించే విధానం

కుక్క ఉన్నట్టుండి వెనక్కి తిరిగి తోక మొదట్లో పళ్ళతో కొరుక్కుంటున్నా, పిల్లి పూట పూటంతా ఒళ్ళు నాక్కుంటూ మెడచుట్టూ సన్నని పొక్కులు తెచ్చుకున్నా, మొదట అనుమానించవలసినది మిన్నల్లులనే. ఫ్లీలు అని నేడు ఎక్కువమంది పిలిచే ఈ పురుగులు, గోమార్లు ఒకటే అనుకోవడం పొరపాటు. గోమారు చర్మాన్ని కరుచుకుని ఒకేచోట ఉబ్బుతూ ఉండిపోతుంది. మిన్నల్లి సుమారు 3 మిల్లీమీటర్లకు మించని, రెక్కలు లేని, రెండు పక్కలా నొక్కినట్లుండే ముదురు గోధుమరంగు పురుగు. అది వెంట్రుకల మధ్య చురుగ్గా పరుగెడుతుంది, పట్టుకోబోతే ఎగిరి దూకుతుంది. అందుచేత కంటికి కనబడలేదు గనుక లేదనుకోవడానికి వీలులేదు.

నిర్ధారించుకోవడానికి ఒక తెల్లని గుడ్డ చాలు. దానిని తడిపి, పిండి, నేలపై పరచి, జంతువును దానిపై నిలబెట్టి, నడుము నుంచి తోక వరకు బొచ్చును సన్నపళ్ళ దువ్వెనతో దువ్వితే నల్లని నలుసులు రాలుతాయి. మట్టి అయితే మట్టిగానే ఉండిపోతుంది. మిన్నల్లి మలమైతే, అది జీర్ణమైన రక్తమే గనుక, కొద్ది నిమిషాల్లో ఒక్కొక్క నలుసు చుట్టూ ఎర్రని మరక విచ్చుకుంటుంది. ఆ మరకను ఒకసారి కళ్ళారా చూసినవారు ఆ మూగజీవి రోజూ ఎంత బాధ పడుతున్నదో ఇక మరచిపోలేరు.

చికిత్సకు ముందు తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. ఒంటిమీద కనిపించే పెద్ద పురుగులు మొత్తం సంతతిలో సుమారు 5 శాతం మాత్రమే. మిగిలిన 95 శాతం గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్ళుగా ఇంట్లోనే ఉంటాయి. ఆడ మిన్నల్లి రోజుకు 40 వరకు గుడ్లు పెట్టగలదు. జిగురు లేని ఆ గుడ్లు జంతువు పడుకున్నచోటల్లా రాలిపోతాయి. వాటినుంచి వచ్చే పిల్లపురుగులు వెలుతురంటే గిట్టక తివాచీ అడుగుకు, నేల పగుళ్ళలోకి, సోఫా మడతల్లోకి చేరి, పెద్ద పురుగులు రాల్చిన మలాన్ని తిని పెరుగుతాయి. ఆపైన పట్టువంటి దారంతో గూడు అల్లుకుంటాయి. ధూళి అంటుకున్న ఆ గూట్లోకి మందులు సరిగా చొరబడవు. పురుగు లోపలే నెలల తరబడి ఆగి, అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి సోకినప్పుడు బయటికి దూకుతుంది. చాలాకాలం మూసి ఉంచిన గదిలో అడుగు పెట్టగానే కాళ్ళకు మిన్నల్లులు పట్టడానికి కారణం ఇదే. కాబట్టి జంతువుకు ఎంత మంచి వైద్యం చేసినా ఇంటిని వదిలేస్తే మూడు, నాలుగు వారాల్లో మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇంట్లో చేయగలిగిన వాటిలో నిజంగా పనిచేసేవి స్నానం, దువ్వెన. మామూలు నీటిపై తేలిపోయే మిన్నల్లి సబ్బు కలిసిన నీటిలో మునిగి చస్తుంది. కుక్కకు గోరువెచ్చని నీటితో, కుక్కలకోసమే తయారైన షాంపూతో స్నానం చేయించేటప్పుడు మొట్టమొదట మెడచుట్టూ చిక్కని నురుగు పట్టించాలి. లేకపోతే ఒళ్ళు తడవగానే పురుగులన్నీ చెవుల్లోకి, ముఖం మీదికి పరుగెడతాయి. తరువాత ఒళ్ళంతా రుద్ది, 5 నుంచి 10 నిమిషాలు ఆగి, కళ్ళలో పడకుండా కడిగి, పూర్తిగా తుడవాలి. స్నానం ఆనాటి పురుగులను తీస్తుందే గాని రేపు ఎక్కేవాటిని ఆపదు. నీళ్ళంటే బెదిరే పిల్లిని బలవంతపెట్టడం కంటే రోజూ దువ్వడం మేలు. మెడ, తోక మొదలు, పొట్ట అడుగు నెమ్మదిగా దువ్వుతూ, ప్రతిసారీ దువ్వెనను సబ్బునీటి గిన్నెలో ముంచాలి. చిక్కిన పురుగును గోటితో నలపబోతే జారి దూకుతుంది, నీటిలో వేయడమే సరైన పద్ధతి.

ఇంటి విషయంలో ఓపిక కావాలి. జంతువు పడుకునే గుడ్డలను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, బాగా ఆరబెట్టాలి. వాక్యూమ్ క్లీనర్‌తో మొదటి రెండు వారాలు ప్రతిరోజూ తివాచీలు, సోఫా సందులు, మంచాల అడుగు, గోడ అంచులు శుభ్రం చేసి, సంచిలోని చెత్తను వెంటనే మూటకట్టి ఇంటి బయట పారవేయాలి. ఆ యంత్రపు అదురుకు గూళ్ళలోని పురుగులు కూడా బయటపడతాయి, అది మనకు మేలే. పిల్లపురుగులకు తేమ ప్రాణం గనుక గదులకు గాలి తగిలి పొడిగా ఉండేలా చూడాలి. రాత్రి దీపం కింద సబ్బునీటి పళ్ళెం పెడితే కొన్ని పురుగులు దూకి పడతాయి. బెడద తగ్గుతున్నదా లేదా అని లెక్క చూసుకోవడానికి అది పనికివస్తుంది, నివారణకు చాలదు.

ఇక చేయకూడనివి చెప్పక తప్పదు, ఎందుకంటే మిన్నల్లుల కంటే ఈ పొరపాట్ల వల్లనే కొన్ని జంతువులకు ఎక్కువ హాని జరుగుతుంది. వెల్లుల్లి తినిపిస్తే పురుగులు పోతాయన్న మాట నమ్మవద్దు. వెల్లుల్లి, ఉల్లి కుక్కల, పిల్లుల రక్తకణాలను దెబ్బతీస్తాయి. టీ ట్రీ నూనె, నిమ్మజాతి నూనెలు, కర్పూరం, కిరోసిన్ ఒంటికి పూయరాదు; పిల్లి తన ఒంటిని తానే నాక్కుంటుంది గనుక పూసినదంతా దాని కడుపులోకే పోతుంది. వెనిగర్ మిన్నల్లులను చంపదు, పుండ్లపై మండుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది, కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందును పిల్లికి వాడడం. అది పిల్లికి వణుకు, మూర్ఛలు తెప్పించి ప్రాణం తీయగలదు.

బెడద ముదిరితే ఇంటి ఉపాయాలు మాత్రమే చాలవని నిస్సంకోచంగా ఒప్పుకోవాలి. ఫిప్రోనిల్, సెలామెక్టిన్ వంటి చుక్కల మందులను, ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ వంటి మందులను పశువైద్యులు జంతువు జాతి, వయసు, బరువు చూసి నిర్ణయిస్తారు. మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే చివరి రెండు మందులు కొన్ని జంతువులలో మూర్ఛలు కలిగించవచ్చు. చుక్కల మందును నాలుక అందని మెడ వెనుక, వెంట్రుకలు పాయ తీసి, చర్మంపైనే వేయాలి. ముందు, తరువాత రెండేసి రోజులు స్నానం మానాలి. పెద్ద కుక్క మందును పంచి చిన్నవాటికి వేయరాదు. ఇంట్లోని కుక్కలన్నిటికీ, పిల్లులన్నిటికీ ఒకేసారి, కనీసం 3 నెలలు విడవకుండా వైద్యం సాగాలి. మొదటి వారాల్లో కొత్త పురుగులు కనబడితే మందు విఫలమైందని మానివేయకూడదు, అవి పాత గూళ్ళనుంచి వస్తున్నవి.

8 వారాలు నిండని కూనలకు చాలా మందులు పనికిరావు, దువ్వెనే దిక్కు. వాటి చిగుళ్ళు పాలిపోయి, మందకొడిగా పడుకుంటే మిన్నల్లులు రక్తం పీల్చినందువల్ల రక్తహీనత వచ్చి ఉండవచ్చు, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. మలద్వారం దగ్గర బియ్యపు గింజల వంటి తునకలు కనిపిస్తే, మిన్నల్లిని మింగడం వల్ల బద్దెపురుగు పట్టిందని గ్రహించి దానికీ వేరుగా మందు అడగాలి. మూడు నెలలు దాటినా తెల్లగుడ్డపై ఎర్రమరక వస్తూనే ఉంటే, పగటిపూట ఆ జంతువు ఎవరూ చూడకుండా ఎక్కడ పడుకుంటున్నదో వెంట వెళ్ళి చూడండి. మెట్ల కిందనో, వాహనపు సీటులోనో, పాత పెట్టెల వెనుకనో, మీ శుభ్రత ఇంకా చేరని చోటు అక్కడ దొరుకుతుంది.