వరిగడ్డికి ఎంజైమ్ పొడి పట్టించడం ఎలా?

కుడితిలో చెంచాడు ఎంజైమ్ పొడి కలిపి గేదెకు తాగించడం, వారం తిరక్కుండానే "పాలేం పెరగలేదు, అంతా మోసం" అనడం. ఎక్కడ చూసినా ఇదే తంతు. గడ్డిలోని పీచును పశువుకు సులువుగా అరిగేలా విడగొట్టే పొడి అది. పట్టాల్సింది గడ్డికి, కుడితికి కాదు.

కొనేటప్పుడు డబ్బా మీద సెల్యులేజ్, జైలనేజ్ అనే రెండు పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. పీచును విడగొట్టేవి అవే. కోళ్ల దాణాకు అమ్మే ఫైటేజ్ (గింజల్లోని భాస్వరాన్ని విడిపించే ఎంజైమ్) డబ్బా పశువులకు దండగ. ఫైటేజ్‌ను పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే తయారు చేసుకుంటాయి.

ఇంకా కావాల్సినవి తూకం, బకెట్, టార్పాలిన్ పట్టా, పిచికారీ పంపు. పురుగుమందు కొట్టిన పంపు ఎంత కడిగినా దీనికి పనికిరాదు, వేరేది కొనాల్సిందే. గడ్డిని చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలుగా కొట్టండి. అంతకంటే పొడుగుంటే పశువు ఏరుకు తిని, మిగతాది కాళ్ల కింద తొక్కేస్తుంది.

మోతాదు డబ్బా మీద రాసినంతే. ఒక్కో కంపెనీ పొడి బలం ఒక్కో రకం కాబట్టి పక్కింటి రైతు లెక్క మీకు పనికిరాదు. ఉదాహరణకు రోజుకు పశువుకు 15 గ్రాములని ఉందనుకుందాం. ఐదు గేదెలకు 75 గ్రాములు. తలా 5 కిలోల చొప్పున గడ్డి 25 కిలోలు. కిలోకు 200 మిల్లీలీటర్ల లెక్కన నీళ్లు 5 లీటర్లు.

ఇక అసలు పని పిచికారీ. చెడగొట్టుకునేదంతా ఇక్కడే.

నీళ్లు చల్లగానే ఉండాలి. ఎంజైమ్ అంటే ప్రోటీన్, మరిగే వేడి తగిలితే చచ్చిపోతుంది. ఉడికించిన దాణాలో పొగలు కక్కుతుండగానే కలిపేవాళ్లు డబ్బును పొయ్యిలో వేసినట్టే. ముందు పొడిని ఒక లీటరు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గుడ్డలో వడకట్టి, మిగతా నీళ్లలో పోయండి. వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. పొడి విప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఆ ధూళి పీలిస్తే కొందరికి ఆయాసం, అలర్జీ వస్తాయి.

గడ్డిని పట్టా మీద జానెడు మందాన పరచి, సన్నటి తుంపరగా కొట్టి, తిరగేసి మళ్లీ కొట్టండి. చెంబుతో గుమ్మరిస్తే సగం గడ్డి నానుతుంది, సగం పొడిగానే ఉంటుంది. పిడికిట్లో నొక్కితే చెయ్యి తడవాలే గానీ నీళ్లు కారకూడదు. కారుతున్నాయంటే ఎంజైమ్ పట్టా పాలైనట్టే.

ఎండుగడ్డి మీదే ఎందుకంటారా? ఎంజైమ్ పొడి పీచుకు అతుక్కుని గట్టిగా నిలుస్తుంది. అలా అతుక్కున్నదాన్ని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు అంత త్వరగా అరగదీయలేవు. కుడితిలో కలిపింది నీళ్లతో పాటే ముందుకు జారిపోతుంది. పచ్చిమేత, సైలేజ్ (గాలి తగలకుండా పులియబెట్టిన మేత) మీద ఫలితం నిలకడగా ఉండదు, కాబట్టి వాటి జోలికి పోవద్దు.

సాయంత్రం కొట్టి, కప్పి ఉంచి, పొద్దున గాడిలో వేయాలి. రెండు మూడు గంటలు చాలనేవాళ్లూ ఉన్నారు. రాత్రంతా ఉంచడం పనికి వీలుగా ఉంటుంది. కానీ రెండో రోజుకు మిగల్చొద్దు, తడిగడ్డి బూజు పడుతుంది. వానాకాలంలో నాలుగు గంటలు మించొద్దు. ముక్కిన వాసన వస్తే పారబోయండి.

"కొంచెం ఎక్కువేస్తే మంచిదే కదా" అనేది మరో జబ్బు. మోతాదు దాటినప్పుడు ఫలితం తగ్గిపోయిన ప్రయోగాలు ఉన్నాయి.

యూరియాతో ఊరవేసిన గడ్డి (100 కిలోలకు 4 కిలోల యూరియా, మూడు వారాలు) ఉన్నవాళ్లు రెండూ కలపాలనుకుంటే, అమ్మోనియా ఘాటు పోయేదాకా ఆరబెట్టాకే ఎంజైమ్ కొట్టాలి. ఈ ఎంజైమ్‌లు చాలావరకు బూజు జాతి నుంచి తీసినవి, కొద్దిపాటి పులుపులోనే బాగా పనిచేస్తాయి, అమ్మోనియా లాంటి క్షారంలో చతికిలబడతాయి. గడ్డి నిల్వ బాగా ఉండి, ఓపిక ఉన్నవాళ్లకు యూరియా పద్ధతే చవక, మాంసకృత్తులూ పెరుగుతాయి. రోజువారీ గడ్డి కొనేవాళ్లకే ఎంజైమ్ సులువు.

పెళ్లిళ్లలో మిగిలిన అన్నం, నూకలు బాగా దట్టించే కొట్టంలో మాత్రం ఎంజైమ్ ఒక్కటే ఆదుకోదు. పిండిపదార్థం ఎక్కువై పెద్దపొట్టలో పులుపు పెరుగుతుంది, పిహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే అంత పులుపు) 6 కంటే దిగితే పీచు అరిగించే బ్యాక్టీరియా పని ఆగిపోతుంది. ముందు అన్నం తగ్గించండి.

ఫలితం చూడటానికి సగం గేదెలకే పెట్టండి, వీలైతే ఈని రెండు మూడు నెలలు కానివాటికి. పాలు ఎక్కువిచ్చే ఆ దశలోనే తేడా తెలుస్తుంది. మూడు వారాల పాటు పాలు, వెన్న శాతం రాయండి, దాణా మార్చొద్దు. పిడికెడు పేడను జల్లెడలో నీళ్లతో కడిగి చూడండి. పొడుగు గడ్డి పోచలు మునుపటంతే కనిపిస్తూ, పాలూ కదలకపోతే, పిచికారీ మరోసారి సరిచూసి, అప్పటికీ మారకపోతే ఆ డబ్బా కొనడం మానేయండి.